రెలిగేషన్ ఉండుంటే హైదరాబాద్ క్లబ్ హైదరాబాద్‌లోనే ఉండేది

ఇండియన్ సూపర్ లీగ్ ఫిబ్రవరి 14న మొదలవుతుందని 2026 జనవరి 6న కేంద్ర క్రీడల మంత్రి మన్సుఖ్ మాండవీయ ప్రకటించిన దగ్గర్నుంచీ మా ఫుట్‌బాల్ బ్యాచ్‌లో మళ్లీ వాదనలు మొదలయ్యాయి. బ్యాచ్ అంటే పెద్దదేం కాదు, గచ్చిబౌలిలో ఒకే ఆఫీసులో పనిచేసేవాళ్లం. ఒకడు మోహన్ బగాన్, ఒకడు ఈస్ట్ బెంగాల్, ఒకడు త్రిశూర్ నుంచి వచ్చిన కేరళ బ్లాస్టర్స్ అభిమాని, నేను హైదరాబాద్ ఎఫ్‌సీ. 14 క్లబ్బులు, ఒక్కో జట్టు మిగతా 13 జట్లతో ఒక్కసారి మాత్రమే ఆడుతుంది, మొత్తం 91 మ్యాచ్‌లు. కుదించిన సీజనే అయినా వాళ్ల ముగ్గురికీ పండగే. ఆ 14లో నా క్లబ్ లేదు. లైసెన్సు అదే, యజమానులు వాళ్లే, కానీ ఇప్పుడు దాని పేరు స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ. రెలిగేషన్, అంటే ఆఖరి స్థానంలో నిలిచిన జట్టుని కింది లీగ్‌కి దించే పద్ధతి, ఉండుంటే ఇలా జరిగేది కాదని నా వాదన.

లీగ్ ఎందుకు ఆగిందో మొదట్నుంచీ ఫాలో కానివాళ్ల కోసం కాస్త చెప్తాను. 2010 డిసెంబర్‌లో మన ఫుట్‌బాల్ ఫెడరేషన్ ఐఎంజీ-రిలయన్స్‌తో 15 ఏళ్లకు 700 కోట్ల రూపాయల ఒప్పందం చేసుకుంది. సూపర్ లీగ్ 2014లో పుట్టింది ఆ ఒప్పందం మీదే, దాన్ని నడిపింది రిలయన్స్ వాళ్ల కంపెనీ ఎఫ్‌ఎస్‌డీఎల్. ఆ ఒప్పందం 2025 డిసెంబర్ 8తో అయిపోతుందని 2010లోనే అందరికీ తెలుసు. కానీ గడువు దగ్గరపడే సమయానికి ఫెడరేషన్ నియమావళి కేసు సుప్రీంకోర్టులో ఉంది, తీర్పు వచ్చేదాకా కొత్త ఒప్పందం జోలికి వెళ్లొద్దని కోర్టు చెప్పింది, డిసెంబర్ తర్వాత సంగతి తేలకుండా సీజన్ మొదలుపెట్టలేమని జులై 11న ఎఫ్‌ఎస్‌డీఎల్ క్లబ్బులకు రాసేసింది. ఆగస్టులో బెంగళూరు ఎఫ్‌సీ జీతాలు ఆపేసింది, చెన్నైయిన్ కూడా అదే దారి పట్టింది. సెప్టెంబర్ 19న జస్టిస్ పి.ఎస్. నరసింహ, జస్టిస్ జోయ్‌మాల్య బాగ్చీల ధర్మాసనం కొన్ని మార్పులతో నియమావళిని ఖాయం చేసింది. దాని ముసాయిదా రాసింది మన ఆంధ్రకు చెందిన రిటైర్డ్ న్యాయమూర్తి ఎల్. నాగేశ్వరరావు. తర్వాత ఫెడరేషన్ టెండర్ పిలిచింది, ఏడాదికి కనీసం 37.5 కోట్లు కట్టాలని షరతు పెట్టింది. నవంబర్ 7 గడువుకి ఒక్క బిడ్డూ రాలేదు.

ఒక్కటీ రాలేదు. దేశంలో అతిపెద్ద ఫుట్‌బాల్ లీగ్‌ని నడపడానికి ముందుకొచ్చినవాడే లేడు. జనవరి మొదట్లో సునీల్ ఛెత్రి, గుర్‌ప్రీత్ లాంటివాళ్లు వీడియో చేసి, మమ్మల్ని కాపాడండని ఫిఫాని అడిగారు. ఇరవై ఏళ్లు దేశం కోసం ఆడిన మనిషి అలా అడగాల్సి రావడం చూసి ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఇక మా గొడవల సంగతి. లీగ్ లేని ఇన్ని నెలల్లో వాదనలు తగ్గాల్సింది పోయి పెరిగాయి. ఆగస్టు 17న డ్యురాండ్ కప్ క్వార్టర్ ఫైనల్లో డయమాంటకోస్ రెండు గోల్స్ కొట్టి మోహన్ బగాన్ మీద ఈస్ట్ బెంగాల్‌ని 2-1తో గెలిపించాడు, ఆ రెండు గోల్స్ గురించి ఈస్ట్ బెంగాల్ వాడు చెప్పని రోజు లేదు. మోహన్ బగాన్ వాడి జవాబు ఎప్పుడూ ఒకటే, 2024-25లో లీగ్ పట్టికలో మొదటి స్థానానికి ఇచ్చే షీల్డూ, ఫైనల్ గెలిస్తే వచ్చే కప్పూ రెండూ ఎవరివి అని. బ్లాస్టర్స్ వాడికి ఇప్పటికీ 2023 మార్చి 3 మర్చిపోవడం చేతకాదు. ఆ రోజు కంఠీరవ స్టేడియంలో బెంగళూరుతో నాకౌట్ మ్యాచ్, ఎక్స్‌ట్రా టైమ్‌లో బ్లాస్టర్స్ ఆటగాళ్లు అడ్డంగా గోడ కట్టుకుని సర్దుకోకముందే ఛెత్రి ఫ్రీకిక్ కొట్టేశాడు, రిఫరీ గోల్ ఇచ్చాడు, కోచ్ వుకొమనోవిచ్ జట్టు మొత్తాన్ని మైదానం బయటికి పిలిచేశాడు. ఫెడరేషన్ క్లబ్‌కి 4 కోట్ల జరిమానా వేసింది, కోచ్‌ని పది మ్యాచ్‌లు నిషేధించింది. జరిమానా అంత వేగంగా వేయడం తెలిసిన ఫెడరేషన్‌కి, 15 ఏళ్ల ముందే తెలిసిన గడువుకి సిద్ధపడటం ఎందుకు తెలియలేదని వాడు అడిగితే మా ముగ్గురి దగ్గరా సమాధానం లేదు.

వీళ్ల మధ్య వైరం చూసి బయటివాళ్లు అభిమానుల గొడవలే మన ఫుట్‌బాల్‌కి పట్టిన చీడ అంటుంటారు. నేను ఒప్పుకోను. 1980 ఆగస్టు 16న ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ మ్యాచ్‌లో 16 మంది అభిమానులు చనిపోయారు, అది ఎవరూ తేలిగ్గా తీసుకోలేని విషయం. కానీ అదే అభిమానులు 2024 ఆగస్టు 18న ఏం చేశారో కూడా చూడాలి. ఆర్‌జీ కర్ ఆసుపత్రి ఘటన మీద కోల్‌కతా అట్టుడుకుతున్న రోజులవి, భద్రత కారణం చెప్పి ఆ రోజు ఈ రెండు జట్ల మధ్య జరగాల్సిన డెర్బీ రద్దు చేశారు, అయినా రెండు క్లబ్బుల వాళ్లూ, కోల్‌కతా మూడో పెద్ద క్లబ్ మహమ్మదన్ వాళ్లూ కలిసి సాల్ట్ లేక్ స్టేడియం బయటికి వచ్చి న్యాయం కావాలని నినాదాలు చేశారు. ఎర్ర-పసుపు జెండా, ఆకుపచ్చ-మెరూన్ జెండా పక్కపక్కనే ఎగిరాయి. ఎవరితో కొట్లాడాలో, ఎప్పుడు కలవాలో ఈ జనానికి తెలుసు. లీగ్‌ని నడిపేవాళ్లకు ఆ మాత్రం స్పష్టత లేదు.

నా అసలు బాధ హైదరాబాద్ ఎఫ్‌సీ. 2022 మార్చి 20, గోవాలోని ఫటోర్డాలో సూపర్ లీగ్ ఫైనల్. స్టేడియం నిండా పసుపు చొక్కాలే. రాహుల్ గోల్‌తో బ్లాస్టర్స్ ముందుకెళ్లారు, 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరం నుంచి కొట్టిన వాలీతో 1-1, తర్వాత షూటౌట్‌లో లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. కోచ్ మనోలో మార్కెస్ కట్టిన ఆ జట్టు, స్ట్రైకర్ ఒగ్‌బెచె ఆట, ఈ ఊరి పేరు మీద దేశపు ట్రోఫీ. కోల్‌కతా మిత్రులతో ఎప్పుడు వాదించినా నేను మొదలుపెట్టేది ఇంకా వెనక నుంచి. 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు గెలిచింది హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు. దాన్ని తీర్చిదిద్దిన సయ్యద్ అబ్దుల్ రహీమ్ సాబే 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌ని నాలుగో స్థానానికి, 1962 జకార్తా ఏషియాడ్‌లో బంగారానికి తీసుకెళ్లారు. ఈస్ట్ బెంగాల్ వాడి నాన్నగారు దేవుడిలా చూసుకున్న తులసీదాస్ బలరామ్ సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. కోల్‌కతాలో మూడు పెద్ద క్లబ్బులకూ ఆడిన మహమ్మద్ హబీబ్ మన హైదరాబాదీ. ఈ మాట దగ్గరికొచ్చేసరికి ఆ ఇద్దరూ వాదన ఆపేస్తారు, అది గౌరవం.

అలాంటి ఊరి క్లబ్‌కి 2023-24లో ఏం జరిగిందో చూడండి. ఆటగాళ్లకు జీతాలు అందలేదు, ఫిఫా ట్రాన్స్‌ఫర్ నిషేధం పడింది, విదేశీ ఆటగాళ్లు వెళ్లిపోయారు, కుర్రాళ్లతో సీజన్ గడిపారు. 22 మ్యాచ్‌ల్లో ఒకే ఒక్క గెలుపు, 8 పాయింట్లు, ఆఖరి స్థానం. రెలిగేషన్ ఉన్న ఏ దేశంలోనైనా ఆ క్లబ్ కింది డివిజన్‌కి పడిపోయేది. మన దగ్గర పడలేదు, ఎందుకంటే అప్పటికి సూపర్ లీగ్‌లో రెలిగేషన్ లేదు. కొత్త యజమానులు వచ్చి కొన్నారు, 2025 అక్టోబర్‌లో, లీగ్ ఆగి ఎవరి దృష్టీ ఇటు లేని సమయంలో, క్లబ్ ఢిల్లీకి వెళ్లిపోయింది.

నేను ఈ విషయంలో బాగా ఆలోచించాక వచ్చిన అభిప్రాయం ఇది, మా బ్యాచ్‌లో ఎవరూ దీన్ని మొదట ఒప్పుకోలేదు. ఆ రోజు హైదరాబాద్ ఎఫ్‌సీ కింది డివిజన్ అయిన ఐ-లీగ్‌కి పడిపోయి ఉంటే బాగుండేది. కింద పడ్డ క్లబ్‌కి అమ్ముకోవడానికి పై లీగ్‌లో సీటు ఉండదు, మిగిలేది దాని ఊరూ, దాని జనమే. మళ్లీ పైకి రావాలంటే ఆ జనమే దిక్కు. పడిపోయే అవకాశమే లేని లీగ్‌లో విలువంతా సీటుది, క్లబ్‌ది కాదు. సీటుని ఏ ఊరికైనా పట్టుకెళ్లొచ్చు.

ఇది మా ఒక్కళ్ల కథ కూడా కాదు. 2019లో ఢిల్లీ డైనమోస్‌ని భువనేశ్వర్ తీసుకెళ్లి ఒడిశా ఎఫ్‌సీ చేశారు. అదే ఏడాది పుణె సిటీ మూతపడింది, దాని స్థానంలోకి వచ్చిందే హైదరాబాద్ ఎఫ్‌సీ. ఇప్పుడు హైదరాబాద్‌ది ఢిల్లీకి పోయింది. ఢిల్లీ అభిమానులు పోగొట్టుకున్న చోటు భువనేశ్వర్‌కి, పుణె వాళ్ల చోటు మాకు, మా చోటు మళ్లీ ఢిల్లీకి. పుణె స్టాండ్స్‌లో నిలబడి అరిచినవాళ్లు ఇప్పుడు ఎవరిని సపోర్ట్ చేస్తున్నారో ఎవరూ అడగలేదు. డెక్కన్ లీజియన్ అని మా అభిమానుల సంఘం ఉంది, గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో డోలు వాయించి గొంతు పోగొట్టుకున్నవాళ్లు, వాళ్లనీ ఎవరూ అడగలేదు.

మోహన్ బగాన్ వాడు దీనికి గట్టిగానే ఎదురు చెప్తాడు. ఏటా కోట్లలో నష్టం వస్తున్న చోట రెలిగేషన్ కూడా పెడితే పెట్టుబడి పెట్టేవాడెవడు అంటాడు. లీగ్‌ని క్లబ్బులకే ఇచ్చేయాలి అంటాడు. ఆమధ్య ఎఫ్‌ఎస్‌డీఎల్ ప్రతిపాదించిన లెక్క కూడా అలాంటిదే, కొత్త కంపెనీలో క్లబ్బులకు 60 శాతం, ఎఫ్‌ఎస్‌డీఎల్‌కి 26, ఫెడరేషన్‌కి 14. వినడానికి బాగుంటుంది. కానీ 14 మంది యజమానులు కూర్చుని తమలో ఒకరు కిందికి పోవాలని ఓటేస్తారా? వేయరు. నష్టాల మాటకొస్తే రెలిగేషన్ లేకుండానే పుణె మూతపడింది, రెలిగేషన్ లేకుండానే మా జీతాలు ఆగాయి, రెలిగేషన్ లేకుండానే మాంచెస్టర్ సిటీ యజమానులైన సిటీ ఫుట్‌బాల్ గ్రూప్ 2025 డిసెంబర్‌లో ముంబై సిటీని వదిలేసి వెళ్లిపోయింది. పెట్టుబడిని కాపాడటానికి పెట్టిన గోడ పెట్టుబడినీ కాపాడలేదు, అభిమానినీ కాపాడలేదు.

పైగా ఈ రెలిగేషన్ కొత్త కోరికేం కాదు. 2019లో ఆసియా సమాఖ్యతో కలిసి వేసుకున్న రోడ్‌మ్యాప్‌లోనే ఉంది, 2022-23 నుంచి ఐ-లీగ్ విజేతకు ప్రమోషన్, 2024-25 నుంచి రెండువైపులా. ప్రమోషన్ వచ్చింది, పంజాబ్ వచ్చింది, మహమ్మదన్ వచ్చింది. ఆ రెండు సీజన్లలోనూ ఐ-లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది ఎవరనుకుంటున్నారు? మన శ్రీనిధి డెక్కన్. రెండుసార్లూ ఒక్క మెట్టు దూరంలో ఆగిపోయారు. ఒకే ఊళ్లో ఒక క్లబ్ ఆఖరి స్థానంలో ఉండి కూడా పైనే ఉంది, ఇంకో క్లబ్ రెండో స్థానంలో ఉండి కూడా కిందే ఉంది. పోటీ అనే మాటకి అర్థం ఉండాలంటే ఇది మారాలి.

ఐ-లీగ్ అయినా సరిగ్గా నడిచిందా అంటే అదీ లేదు. 2025 ఏప్రిల్‌లో చర్చిల్ బ్రదర్స్‌ని విజేతగా ప్రకటించారు, ఇంటర్ కాశీ స్విట్జర్లాండ్‌లోని క్రీడా మధ్యవర్తిత్వ కోర్టుకి వెళ్లింది, జులైలో టైటిల్ కాశీది అని తీర్పొచ్చింది. దానికి కారణం అర్హత లేని ఆటగాళ్లను ఆడించారన్న వివాదాలు, అవి ఇక్కడే వారంలో తేలిపోవాల్సిన విషయాలు.

బ్లాస్టర్స్ వాడు అడిగాడు, ఇంత మాట్లాడుతున్నావు కదా, అభిమానులు ఏం చేయగలరని. ఇంగ్లండ్‌లో వింబుల్డన్ క్లబ్‌ని మిల్టన్ కీన్స్‌కి తరలించడానికి 2002లో అనుమతి ఇచ్చినప్పుడు అక్కడి జనం సొంతంగా ఏఎఫ్‌సీ వింబుల్డన్ పెట్టుకున్నారు, తొమ్మిదో అంచెలో మొదలై 2011కల్లా ఫుట్‌బాల్ లీగ్‌కి వచ్చారు. వాళ్ల పట్టుదలతో పాటు కింది నుంచి పైదాకా మెట్లు ఉన్నాయి కాబట్టే అది కుదిరింది. జర్మనీలో క్లబ్ ఓట్లలో సగానికి పైగా సభ్యుల చేతిలో ఉండాలన్న నియమం ఉంది. మన ఫెడరేషన్ అధ్యక్ష ఎన్నికలో 2022లో కల్యాణ్ చౌబే మాజీ కెప్టెన్ భైచుంగ్ భుటియా మీద 33-1తో గెలిచారు, ఆ ఓట్లన్నీ రాష్ట్ర సంఘాలవి. కొత్త నియమావళి మాజీ ఆటగాళ్లకి, క్లబ్బుల ప్రతినిధులకి, కోచ్‌లకి, రిఫరీలకి చోటిచ్చింది, అది మంచి మార్పే. ప్రమోషన్, రెలిగేషన్ ఉండాలని కూడా చెప్పింది, అది ఇంకా మంచి మార్పు. టికెట్ కొని వచ్చేవాడికి మాత్రం ఇంకా ఎక్కడా చోటు లేదు. క్లబ్ ఊరు మారాలన్నా, పేరు మారాలన్నా, రంగులు మారాలన్నా నమోదైన అభిమాన సంఘంతో మాట్లాడి, వాళ్ల అభిప్రాయం రాతపూర్వకంగా బయటపెట్టాకే అనుమతి ఇవ్వాలి అని లైసెన్సింగ్ నిబంధనల్లో ఒక్క వాక్యం చేర్చడానికి పైసా ఖర్చు లేదు. బ్లాస్టర్స్ అభిమానుల సంఘం మంజప్పడ, కోల్‌కతా సంఘాలు, డెక్కన్ లీజియన్ కలిసి ఈ ఒక్క వాక్యం కోసం ఫెడరేషన్‌కి రాయాలని మా బ్యాచ్‌లో చెప్పాను. ఈస్ట్ బెంగాల్ వాడు వెంటనే సరేనన్నాడు. మోహన్ బగాన్ వాడు రెలిగేషన్ సంగతి తర్వాత చూద్దాం గానీ దీనికి మాత్రం సంతకం పెడతానన్నాడు.

మరి ఫిబ్రవరి 14 నుంచి ఎవరిని సపోర్ట్ చేస్తావు అని బ్లాస్టర్స్ వాడు అడిగాడు. ఢిల్లీని చేయను, ఆ ఆటగాళ్ల మీద నాకు కోపం లేదు, వాళ్లకు జీతాలు టైమ్‌కి రావాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను, కానీ అది నా ఊరి జట్టు కాదు. శ్రీనిధి మ్యాచ్‌లు ఎప్పుడున్నా అజీజ్ నగర్ వెళ్తాను, మీరూ రండి అన్నాను.