యూనిఫాం తర్వాత కౌన్సెలింగ్ గది

సైన్యం నుంచి బయటికొచ్చాక సెక్యూరిటీ ఉద్యోగం చూసుకోమని చాలామంది చెప్పారు. నేను సైకాలజీలో చేరాను. నా వయసులో సగం కూడా లేని పిల్లల పక్కన కూర్చుని చదవడం కష్టమనిపించలేదు. కష్టమల్లా ఎదుటి మనిషి ఏడుస్తుంటే వెంటనే పరిష్కారం చెప్పకుండా ఉండటం. సైన్యంలో సమస్య కనబడితే ఆర్డర్ పడాలి. కౌన్సెలింగ్‌లో ముందు వినాలి.

యుద్ధం సైనికుల మనసుకు చేసే గాయాన్ని మొదటి ప్రపంచ యుద్ధంలో షెల్ షాక్ అన్నారు. కొందరిని పిరికివాళ్లని శిక్షించారు కూడా. అమెరికన్ సైకియాట్రిక్ అసోసియేషన్ ఇలా భయంకర అనుభవాల తర్వాత మనసును వెంటాడే రుగ్మతను, అంటే పీటీఎస్‌డీని తన మానసిక రుగ్మతల జాబితాలో చేర్చింది 1980లోనే. అంతకుముందు ఎంతమంది సైనికులు ఆ బాధను లోపలే దాచుకుని బతికారో తలుచుకుంటే గుండె బరువెక్కుతుంది.

నా దగ్గరికి వచ్చే మాజీ సైనికులు ఎక్కువగా నిద్ర పట్టడం లేదనే మొదలుపెడతారు. తలుపు కనబడేలా కుర్చీ జరుపుకుంటారు. ఎందుకని అడగను, నాకు తెలుసు. అలాగని నా కథ చెప్పను, ఆ సమయం వాళ్లది. నేను చూసినంతలో భయం కంటే అపరాధభావమే వాళ్లను ఎక్కువగా తినేస్తోంది. పక్కవాడు పోయాడు, నేనెందుకు మిగిలాను అని. సరిగ్గా ఇలాంటి నమ్మకాలనే కాగ్నిటివ్ ప్రాసెసింగ్ థెరపీ అనే మాటల చికిత్సలో క్లయింట్‌తో కలిసి నెమ్మదిగా పరిశీలిస్తాం.

సర్వీసు చేసి వచ్చి రాత్రిళ్లు నిద్రలేకుండా గడుపుతున్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, దయచేసి ఈ వారమే ఒక కౌన్సెలర్‌తో మాట్లాడండి. ఈ వృత్తిలోకి రావాలనుకునే మాజీ సైనికులు నాకు మెసేజ్ చేయండి. తెలిసినంతా చెబుతాను.