షిట్జు బొచ్చు జడలు కడుతుంటే: దువ్వెన చర్మం దాకా వెళ్లాలి

షిట్జు అనే పొడవాటి బొచ్చున్న చిన్న జాతి కుక్కని పెంచేవాళ్ల నోట తరచూ వినపడే మాట ఒకటుంది: "రోజూ దువ్వుతూనే ఉన్నామండీ, అయినా జడలు కట్టేస్తోంది." దువ్వుతున్న మాట నిజమే, కాకపోతే పైపైన దువ్వుతున్నారు. బ్రష్ పై పొర మీదుగా జారిపోతుంది, వెంట్రుకలు పట్టులా మెరుస్తాయి. చర్మానికి ఆనుకుని ఉన్న చిక్కు మాత్రం కదలదు. వేళ్లు లోపలికి పోనిచ్చి చూస్తే అక్కడ కంబళి ముక్కలా గట్టిగా తగులుతుంది.

ఆ జాతి బొచ్చు తీరే అంత. పైన పొడవాటి వెంట్రుకలు, వాటి కింద దూదిలాంటి మెత్తటి పొర. లాబ్రడార్ వెంట్రుక రాలితే సోఫా మీద పడుతుంది. షిట్జుది రాలినా కింద పడకుండా పొడవాటి వెంట్రుకల మధ్యే ఇరుక్కుపోతుంది. "ఇది బొచ్చు రాలని కుక్క" అని అమ్మేవాళ్లు చెప్పేది దీన్ని చూసే. రాలిన వెంట్రుకని మనం దువ్వి బయటికి తీయకపోతే, అది పక్కవాటిని చుట్టుకుని ఉండ కడుతుంది. తొమ్మిది నుంచి పన్నెండు నెలల వయసులో పిల్లబొచ్చు పోయి పెద్దబొచ్చు వస్తుంది. ఆ కొన్ని వారాలు పొద్దున దువ్వినా సాయంత్రానికి కొత్త చిక్కు కనిపిస్తుంది. చాలామంది విసిగిపోయి గుండు కొట్టించేది అప్పుడే. కొంచెం ఓపిక పడితే ఆ దశ దాటిపోతుంది.

పనిముట్లు మూడు చాలు. మొదటిది ఏడంగుళాల స్టీల్ దువ్వెన, సగం పళ్లు ఎడంగా, సగం దగ్గరగా ఉండేది. రెండోది పిన్ బ్రష్. పిన్నుల కొనలకి గుండ్లు లేనిది తీసుకోండి, గుండ్లకి వెంట్రుకలు తట్టుకుని తెగుతాయి. మూడోది స్లికర్, అంటే వంగిన సన్నటి తీగలుండే బ్రష్. కొత్త స్లికర్‌ని ముందు మీ ముంజేతి లోపలి వైపు ఒకసారి లాగి చూడండి. మీకు గీసుకుంటే కుక్కకీ గీసుకుంటుంది, చెయ్యి తేలిక చేసుకోవాలి. ఇంట్లో ఉంది కదా అని ఈరుపెన ఒంటికి వాడొద్దు. ముడి మీద పడిందంటే కుదుళ్లతో సహా లాగేస్తుంది.

పొడిబొచ్చు దువ్వితే వెంట్రుక తెగుతుంది, తెగిన కొనలు మళ్లీ చిక్కు పడతాయి. 250 మి.లీ. స్ప్రే సీసాలో నీళ్లు పోసి, కుక్కల కండిషనర్ ఒక చెంచాడు కలిపి ఉంచుకోండి. బొచ్చు మంచు పట్టినంత చెమ్మగా అయితే చాలు, తడిసిపోకూడదు.

ఇక దువ్వే పద్ధతి. కుక్కని పక్కకి పడుకోబెట్టి వెనక కాలి పాదం దగ్గర మొదలుపెట్టండి. ఎడమ చేత్తో బొచ్చంతా పైకెత్తి పట్టుకుని, అడుగున వేలెడు వెడల్పు పాయ ఒక్కటే కిందికి వదలండి. పాపిడి తీసినట్టు చర్మం గీతలా కనపడాలి. కాస్త స్ప్రే చేసి, కుదుళ్ల నుంచి కొనల దాకా బ్రష్‌తో లాగండి. తర్వాత అదే పాయలో స్టీల్ దువ్వెన ఎడం పళ్ల వైపు దింపండి. చర్మాన్ని తాకిన దువ్వెన ఎక్కడా ఆగకుండా బయటికి వస్తేనే ఆ పాయ అయినట్టు. ఆగితే మళ్లీ బ్రష్. అది పూర్తయ్యాక ఇంకో వేలెడు పాయ వదలండి. అలా పాయ పాయా వెన్నెముక దాకా వెళ్లి, రెండో వైపు కూడా అలాగే చేయండి. నిండు బొచ్చున్న కుక్కకి ముప్పావుగంట పట్టొచ్చు. అంత తీరిక లేనివాళ్లు రోజుకి ఒక భాగం చొప్పున పంచుకోండి. కానీ చెవుల వెనక, చంకలు, గజ్జలు, మెడపట్టీ కింద, గడ్డం, ఈ ఐదూ ఏ రోజూ మానకూడదు. ఇవన్నీ రాపిడి పడే చోట్లు, ముడి పుట్టేది ఇక్కడే. హార్నెస్, అంటే ఛాతీ చుట్టూ కట్టే పట్టీ కూడా షికారు నుంచి రాగానే తీసేయండి. రోజంతా వేసి ఉంచితే చంకలో రెండు రోజుల్లో ఉండ తయారవుతుంది.

ఇంత చేసినా చెవి వెనక కుంకుడుకాయంత ముడి దొరికిందనుకుందాం. ముందు దాని మీద చిటికెడు కార్న్‌ఫ్లోర్ చల్లి వేళ్లతో నలపండి, వెంట్రుకలు ఒకదాని మీద ఒకటి జారడం మొదలవుతుంది. ఎడమ చేతి వేళ్లతో ముడికీ చర్మానికీ మధ్య కుదుళ్లని గట్టిగా పట్టుకోండి. అప్పుడు ఎంత లాగినా ఆ లాగుడు మీ వేళ్ల మీద పడుతుంది, చర్మం మీద పడదు. ముడిని వేళ్లతోనే రెండుగా, నాలుగుగా చీల్చండి. తర్వాత దువ్వెన చివరి పన్నుతో బయటి అంచు నుంచి నాలుగైదు వెంట్రుకల చొప్పున విడదీస్తూ లోపలికి రండి. నేరుగా కుదుళ్ల నుంచి లాగితే ముడి ఇంకా బిగుస్తుంది.

కత్తెర మాత్రం పెట్టకండి. ముడితో పాటు చర్మం కూడా గుడారంలా పైకి లేచి ఉంటుంది. ఎక్కడ వెంట్రుక ఆగి ఎక్కడ చర్మం మొదలైందో కంటికి తెలియదు. ఇంట్లో కుక్కలకి కోతగాయాలు ఇలాగే పడుతుంటాయి.

స్నానం ఎప్పుడైనా చిక్కు తీశాకే చేయించాలి. తాడు ముడి తడిసి ఆరితే ఎంత బిగుస్తుందో తెలిసిందేగా, బొచ్చులో ముడీ అంతే. షాంపూని మగ్గు నీళ్లలో కలిపి, వెంట్రుకలు వాలిన దిక్కులోనే పైనుంచి కిందికి పోయండి. బట్టలుతికినట్టు గుండ్రంగా రుద్దితే మీ చేత్తో మీరే కొత్త ముడులు వేసినట్టు. మన షాంపూ వద్దు. మన చర్మం కాస్త ఆమ్ల స్వభావం గలది, కుక్క చర్మం తటస్థానికి దగ్గర. మన కోసం చేసింది వాడితే దాని చర్మం పొడిబారుతుంది. కుంకుడు రసం కళ్లలో పడితే మంట, పైగా షిట్జు కళ్లు బయటికి పొంగి ఉంటాయి. కొబ్బరినూనె రాయమని పెద్దవాళ్లు ప్రేమతోనే చెబుతారు కానీ ఆ జిడ్డుకి దుమ్ము పట్టి చిక్కు రెట్టింపవుతుంది, అదీ కాక కుక్క నాకేస్తుంది.

తుడిచేటప్పుడు తువ్వాలు అదిమి పెట్టి నీళ్లు పీల్చనివ్వండి, రుద్దకండి. ఆ తర్వాత గోరువెచ్చటి గాలితో డ్రైయర్, జానెడు దూరం నుంచి, ఒకే చోట నిలపకుండా, పక్కనే దువ్వుతూ. ముక్కు చప్పిడి జాతి కదా, వేడికి త్వరగా ఆయాసం వస్తుంది. ఫ్యాన్ వేసి ఉంచండి, నాలుక బయటపెట్టి ఎగశ్వాస తీస్తుంటే వెంటనే ఆపేయండి. విశాఖ, కాకినాడ లాంటి తీరపు ఊళ్ల ఉక్కపోతలో దానంతటదే ఆరుతుందని వదిలేస్తే అడుగు పొర గంటల తరబడి చెమ్మగానే ఉంటుంది. చెమ్మ మీద కుక్క దొర్లితే ముడులు పడతాయి, ఆ చెమ్మలోనే చర్మం పుండు పడుతుంది.

వానలు పడ్డాక ఖాళీ స్థలాల్లో ఉత్తరేణి ఏపుగా పెరుగుతుంది. దాని గింజలు బొచ్చుకి పట్టాయంటే ఒక్కో గింజా ఒక ముడికి నడిబొడ్డు అవుతుంది. ఇంట్లోకి రాగానే కాళ్లూ పొట్టా తడిమి ఏరేయండి. పాదాల మెత్తల మధ్య పల్లేరుకాయ ఉందేమో కూడా చూడండి. అక్కడి వెంట్రుకలు మెత్తలతో సమానంగా కత్తిరించి ఉంచితే బురద ఉండలు కట్టదు, టైల్స్ మీద కాళ్లు జారవు.

ఎండాకాలం గుండు కొట్టించడం నాకు సమ్మతం కాదు. చర్మానికి నేరుగా ఎండ తగిలి కమిలిపోతుంది. అంగుళం ఉంచి కత్తిరిస్తే దువ్వడమూ తేలికే, చర్మానికీ నీడ ఉంటుంది. రోజూ సమయం దొరకని ఇంట్లో ఏడాది పొడవునా అంగుళం బొచ్చే మేలు. నేలదాకా పెంచి జడలు కట్టనివ్వడం కంటే అదే దయ.

పొట్టంతా ఒకే అట్టలా కట్టేసిందా, అప్పుడు చిక్కు తీయాలని చూడకండి. గంటల తరబడి లాగితే ఆ జీవి ఇక దువ్వెన చూస్తేనే పారిపోతుంది. 10 నంబర్ బ్లేడుతో క్లిప్పర్, అంటే కుక్కల బొచ్చు కత్తిరించే మెషీన్ పెట్టి అట్ట కిందుగా మెల్లగా తీయించేయండి. గడ్డం గీసుకునే ట్రిమ్మర్ ఆ బొచ్చులో ఇరుక్కుని లాగుతుంది, అది పనికిరాదు. క్లిప్పర్ బ్లేడు వేడెక్కుతుంటుంది, మధ్యమధ్య మణికట్టుకి తాకించి చూస్తుండాలి. చెవుల మీది అట్ట తీశాక ఒకట్రెండు రోజులు కనిపెట్టి ఉండండి. అన్నాళ్లూ బిగుసుకుపోయిన చెవి రెక్కలోకి రక్తం ఒక్కసారిగా పారుతుంది, కుక్క తల విదిలించి విదిలించి లోపల రక్తం చేరి చెవి ఉబ్బవచ్చు. రెక్క మెత్తటి దిండులా తగిలితే ఆ రోజే పశువైద్యుడికి చూపించండి.