లివర్ డాక్టరు దగ్గర తొమ్మిది ప్రశ్నలు

నాకు లివర్‌కి సోకే వైరస్ జబ్బు హెపటైటిస్ బి ఉందని రక్తదానం చేశాక తెలిసింది. అప్పట్నుంచి వైరస్‌ని అదుపులో ఉంచే టెనోఫోవిర్ మాత్ర, ఆరు నెలలకోసారి స్కానింగు, రక్తపరీక్షలు. రిపోర్టులు బాగానే వచ్చేవి, నేనే బాగుండేవాణ్ని కాదు. నిద్ర లేదు, అన్నం సయించదు, గాజువాకలో షిఫ్టు దిగేసరికి ఒంట్లో ఓపిక ఉండదు. కలిసి తింటే అంటదని డాక్టరుగారు చెప్పినా, పిల్లలకి టీకాలు వేయించినా, వాళ్ల గ్లాసు ముట్టుకోవాలంటే భయం. చుట్టాలకైతే లివర్ జబ్బంటే తాగుడే. ఒకాయన పసరు మందు సీసా కూడా పట్టుకొచ్చాడు.

ఓసారి నా నీరసం సంగతి విని డాక్టరుగారు సిస్టర్ దగ్గరికి పంపారు. ఆవిడ చేతిలో ప్రశ్నలున్న రెండు కాగితాలు: డిప్రెషన్‌కి పీహెచ్‌క్యూ-9, ఆందోళనకి గ్యాడ్-7. గత రెండు వారాల్లో ఎలా ఉన్నానో చెప్పాలి. అసలు లేకపోతే సున్నా, దాదాపు రోజూ ఉంటే 3. మా ఆవిడ పక్కనే ఉంది. "కాసేపు బయట కూర్చోండమ్మా" అన్నారు సిస్టర్. ఆ మాట అనకపోతే అన్నిటికీ సున్నాలే చెప్పేవాణ్ని. తొమ్మిదో ప్రశ్న, చచ్చిపోతే బాగుండుననిపించిందా అని. పెళ్లాం ఎదురుగా ఎవరు చెప్తారు? "కొన్ని రోజులు" అన్నాను. ఆవిడ కంగారు పడలేదు గానీ, వెంటనే లేచి డాక్టరుగారికి చెప్పారు. ఆ ప్రశ్నకి సున్నా రాకపోతే మొత్తం స్కోరు ఎంతైనా సరే, ఆ రోజే మాట్లాడాలట.

డిప్రెషన్ కాగితంలో 27కి నాకు 14. 10 లేదా ఆపైన వస్తే ఇంకా లోతుగా చూస్తారు. నీరసం, నిద్ర, ఆకలి లివర్ జబ్బులోనూ ఉంటాయిగా, మార్కులు వాటివల్లే పెరిగాయేమోనని వాదించాను. "అందుకే కాగితం చూసి జబ్బు పేరు పెట్టం" అన్నారు సైకియాట్రిస్టు. థైరాయిడ్, హిమోగ్లోబిన్ పరీక్షలు రాశారు. తర్వాత సెలవు రోజు ఏం చేస్తానని అడిగారు. ఆదివారం ఫిషింగ్ హార్బరుకి వెళ్లి చేపలు తెచ్చేవాణ్ని, మానేశానన్నాను.

"వెళ్లే ఓపిక లేదా, వెళ్లాలనే లేదా?"

వెళ్లాలనే లేదు. అది లివర్ మీదకి నెట్టలేకపోయాను.

లివర్ సంగతి చూసుకుని డిప్రెషన్ మందు సెర్ట్రలిన్ తక్కువ డోసుతో మొదలుపెట్టారు, కౌన్సెలింగ్ కూడా. ఆసుపత్రిదాకా వెళ్లలేనివాళ్లకి మానసిక సమస్యలకి ప్రభుత్వం వారి ఫోన్ లైను టెలీ మానస్ 14416 ఉంది, ఉచితం, తెలుగులోనే మాట్లాడొచ్చు.

ఇప్పుడు స్కోరు పది లోపే. రక్తంలో వైరస్ ఎంతుందో చెప్పే వైరల్ లోడ్ రిపోర్టు వచ్చే వారం మాత్రం టెన్షన్ మామూలే. ఆ వారం గ్యాడ్-7 వద్దని సిస్టర్‌ని బతిమాలాను, ఒప్పుకోలేదు.