కష్టజీవి అని రాసి ఊరుకుంటే ఎట్లా?

ఊళ్లో బాపు పోతే హైదరాబాద్‌లో ఉన్న పిల్లలు దశదినకర్మ కార్డు ఇక్కడే వేయిస్తారు. ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ ఫ్లెక్సీ షాపుల్లో మ్యాటర్ ముందే సిద్ధంగా ఉంటుంది: కష్టజీవి, ప్రేమమూర్తి. పేరు, తేదీ మారిస్తే సరి. ఆయన పడ్డ కష్టమేంటో మాత్రం ఎక్కడా ఉండదు. నల్లగొండ, భువనగిరి, జనగామ వైపు గౌడుల ఇళ్లల్లో ఆ కష్టం పేరు గీత, అంటే తాటి, ఈత చెట్లెక్కి కల్లు తీసే పని.

లెక్క చూద్దాం. పది తాటిచెట్లు, ఒక్కోటి యాభై అడుగులు, పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి. అంటే రోజుకు వెయ్యి అడుగులు ఎక్కుడు, వెయ్యి అడుగులు దిగుడు. ఐదారు చార్మినార్లంత ఎత్తు. నడుము చుట్టూ, చెట్టు చుట్టూ మోకు అనే లావు తాడు; పాదాలకు గుజి అనే బంధం; మొలకు ముస్తాదు, అందులో కత్తులు. దిగేటప్పుడు వీటికి తోడు నిండిన లొట్టి, అంటే కల్లు కుండ. ఛాతీ మీద, ముంజేతుల మీద నల్లగా కాయలు కాసేది ఇందుకే.

పైకి ఎక్కడం సగం పనే. పోతుతాటికి, అంటే మగ తాటిచెట్టుకు, పూగెలలను కలిపి కట్టి, కొన్నాళ్లు నలిపి మెత్తబరిచి, ఆ తర్వాత కొనను పూటపూటకూ పల్చగా చెక్కాలి. చెక్కు మందంగా తీస్తే గెల తొందరగా అయిపోతుంది, సీజన్ కురచబడుతుంది. మరీ పైపైన గీస్తే ధార రాదు. ఒకరోజు వదిలేస్తే కోత మొహం ఎండిపోతుంది, లొట్టి పొంగి కల్లు పులిసి పారబోతకే పనికొస్తుంది. అందుకే గీత పనికి ఆదివారం లేదు. "హాస్టల్‌కు అందరి నాయినలూ వచ్చేవాళ్లు, మా బాపు రాలేదు" అనే పిల్లలు ఈ ఒక్క సంగతి తెలుసుకుంటే చాలు.

ఈతచెట్టు తీరు వేరు. దానికి గెల కాదు, మట్టల కింద మెత్తటి భాగాన్నే చెక్కుతారు. మధ్యలో విడుపు ఇవ్వాలి, లేకుంటే చెట్టు చస్తుంది. ఒక ఏడు ఒకవైపు గీస్తే మరుసటేడు రెండోవైపు. అందుకే ఈత మొద్దు వంకర్లు తిరిగి ఉంటుంది. ఆ గంట్లు లెక్కపెడితే ఎన్నేళ్లు గీశారో తెలుస్తుంది. మనిషి రాసుకోకపోయినా చెట్టు రాసిపెట్టింది.

డబ్బు సంగతి. ఈతకల్లు చలికాలం, తాటికల్లు ఎండాకాలం. వానలు మొదలయ్యాక లొట్టిలో నీళ్లు పడతాయి, మొద్దు జారుతుంది, రాబడి పడిపోతుంది. బడి ఫీజు కట్టాల్సింది సరిగ్గా జూన్‌లోనే. కాబట్టి ఆ డబ్బు ఏప్రిల్, మే కల్లులోంచే పక్కన పెట్టాలి. చేతిలో పైసలు ఆడే నెలల్లో కూడా ఇంట్లో పొదుపు ఎందుకంటే ఇదీ లెక్క.

పడిపోయే సందర్భాలు అందరికీ తెలిసినవే: వాన తడి, కందిరీగలు, మోకు ఒకేచోట ఒరుసుకుని అరగడం. బతికి బయటపడ్డా వెన్నుపూస దెబ్బతో మంచాన పడ్డవాళ్లు ప్రతి మండలంలో ఉంటారు. వృద్ధాప్య పింఛను వయసు రాకముందే, 50 ఏళ్లకే గీత కార్మికులకు ప్రభుత్వం పింఛను ఇస్తున్నది ఊరికే కాదు. జారినప్పుడు మనిషిని పట్టి ఆపే కాటమయ్య రక్షణ కవచం కిట్లు 2024 జూలైలో, నగరం అంచున అబ్దుల్లాపూర్‌మెట్ మండలం లష్కర్‌గూడలో మొదలయ్యాయి. ముందు తరానికి మోకే దిక్కు.

ఇదే నగరంలో కల్లు దుకాణాలు 2004లో మూతపడి 2014లో మళ్లీ తెరుచుకున్నాయి. 2023లో నెక్లెస్ రోడ్డులో నీరా కేఫ్ వచ్చింది. లొట్టికి లోపల సున్నం పూస్తే పులియకుండా దిగేదే నీరా. అక్కడ గ్లాసు పట్టుకునే పిల్లలకు ఆ నీరా చెట్టు మీంచి ఎవరు దింపుతారో తెలిస్తే బాగుండు.

కార్డు అచ్చుకు ఇచ్చే ముందు బాపు పక్క చెట్లు గీసినవాళ్లను అడగండి: ఎన్ని చెట్లు, ఎవరి పొలం గట్టున, ఏ ఈతవనం, మొదటిసారి మోకు కట్టింది ఎవరు. రెండు వాక్యాలు చాలు, "ప్రేమమూర్తి" తీసేస్తే చోటు దొరుకుతుంది. ఆయన మోకు ఇంట్లో ఉంటే దాచుకోండి, గోడకు తగిలించుకోండి. ఎక్కడానికి మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. ఏళ్ల తరబడి ఎండ, వాన తిన్న మోకు లోలోపల చివికిపోతుంది, పైకి గట్టిగానే కనిపిస్తుంది.