పదో తరగతి గదిలో సైన్యం మాట

శ్రీకాకుళం జిల్లా సోంపేట వైపు, జీడితోటల మధ్య ఉన్న ఒక ఉన్నత పాఠశాలలో నేను లెక్కల టీచర్‌ని. సైన్యంలో చేరడం గురించి చెబుతామని మా బడికి రెండు రకాల మనుషులు వస్తున్నారు. ఒకరు నియామకాల మీద అవగాహన కల్పించేవారు. వాళ్ల వెనకే కరపత్రాలతో దిగేవాళ్లు శిక్షణ అకాడమీల వాళ్లు. పిల్లలకు ఇద్దరూ ఒకటే. నల్లబల్ల పక్కన నిలబడి ఎవరు ఏం చెప్పినా అది బడి చెప్పిన మాట కిందే లెక్క.

సైన్యం మీద నాకు చిన్నచూపు లేదు. మా అన్నయ్య హవల్దారుగా చేసి వచ్చాడు. అతని జీతంతోనే నా బీఎడ్ పూర్తయింది, అతని పింఛనుతోనే అమ్మకు మందులు కొంటున్నాం. చేపల వేట కోసం గుజరాత్‌లోని వెరావల్ దాకా వలసపోయే కుటుంబాలున్న జిల్లా మాది. తెల్లవారకముందే రోడ్డు పక్కన పరుగు తీసే కుర్రాళ్లను చూస్తే నాకు గర్వంగానే ఉంటుంది. 1.6 కిలోమీటర్లను అయిదున్నర నిమిషాల్లో పరుగెత్తితేనే పూర్తి మార్కులు. దానికోసం వాళ్లు పడే కష్టం ఎంతో నాకు తెలుసు. అందుకే వాళ్లకు సగం మాట చెబితే ఊరుకోలేను.

మొన్న వచ్చినాయన బాగా మాట్లాడాడు. సిపాయిలను నాలుగేళ్లకు తీసుకునే అగ్నిపథ్ పథకంలో చేరితే నెలకు 30 వేలు, బయటికి వచ్చేటప్పుడు 11 లక్షల పైచిలుకు అన్నాడు. అబద్ధమేమీ కాదు. ఆయన వెళ్లాక అదే నల్లబల్ల మీద పిల్లలతో లెక్క వేయించాను. మొదటి ఏడాది జీతం 30,000. అందులో 30 శాతం సేవానిధికి, అంటే నాలుగేళ్ల చివర చేతికిచ్చే పొదుపు నిధికి పోతే చేతికి వచ్చేది 21,000. నాలుగేళ్లలో అలా కోసినంత సొమ్మును ప్రభుత్వమూ కలిపి, వడ్డీతో 11.71 లక్షలు ఇస్తుంది. "అయితే అందులో దాదాపు సగం మన జీతమే కదా మేడం" అన్నాడు వెనక బల్ల కుర్రాడు. అవును నాన్నా, అదే.

తర్వాత శాతాల లెక్క. నాలుగేళ్ల తర్వాత గరిష్ఠంగా 25 శాతం మందినే ఉంచుకుంటారు. తరగతిలో 40 మందీ చేరారనుకుంటే 30 మంది వెనక్కి రావాలి. వాళ్లకు పింఛను లేదు, గ్రాట్యుటీ లేదు. చాలామంది వయసు అప్పటికి పాతికేళ్లు కూడా దాటదు. కేంద్ర పోలీసు బలగాల్లో రిజర్వేషన్ ప్రకటించారు, నిజమే. ఆ సంగతీ చెప్పాను. కానీ మా ఊళ్లలో మిలటరీ ఉద్యోగమంటే కళ్ల ముందు మెదిలేది 15 ఏళ్లు చేసి పింఛను తెచ్చుకున్న మా అన్నయ్యలాంటివాళ్లు. అగ్నిపథ్ వచ్చిన 2022 తర్వాత ఆ బొమ్మ మారిపోయింది. పదిహేడున్నరేళ్లకే చేరవచ్చు. 18 నిండకపోతే తల్లిదండ్రుల సంతకం కావాలి. ఆ సంతకం పాత బొమ్మను చూసి పెడుతున్నారు.

నన్ను ఎక్కువగా బాధపెట్టింది ఆయన చెప్పకుండా వదిలేసిన మాట. విజయనగరం దగ్గర కోరుకొండ సైనిక పాఠశాలలో పిల్లలు ఆరో తరగతి నుంచే అధికారి కావడం గురించి వింటారు. ఆ బడి 1962 నుంచి ఉన్నది అందుకే. మా బడిలో సిపాయి ఉద్యోగం తప్ప మరో దారి ఉందన్న ఊసే రాలేదు. ఇంటర్ తర్వాత సైనిక అధికారులను తయారుచేసే జాతీయ రక్షణ అకాడమీ (ఎన్‌డీఏ) పరీక్ష రాయవచ్చనీ, శిక్షణ ఖర్చు ప్రభుత్వానిదేననీ ఎవరూ అనలేదు. 2021లో సుప్రీంకోర్టు ఆదేశం తర్వాత ఆడపిల్లలూ ఆ పరీక్ష రాస్తున్నారు. వాళ్లకు దరఖాస్తు రుసుము కూడా లేదు. ఇది నేను చెప్పేసరికి ముందు వరుసలోని అమ్మాయి నోట్‌బుక్ తీసి రాసుకుంది. అంతకుముందు గంటసేపు ఆమె చేతిలో కలం లేదు.

నియామకాల గురించి చెప్పేవాళ్లను రానివ్వాలా వద్దా అంటే, బహిరంగ స్థలాల్లో నాకు ఏ అభ్యంతరమూ లేదు. సంతలో, బస్టాండులో, రథసప్తమికి అరసవల్లిలో శిబిరం పెట్టుకోవచ్చు. అక్కడ నచ్చనివాళ్లు నడిచి వెళ్లిపోతారు. తరగతి గదిలో బల్ల మీంచి లేవాలంటే పిల్లవాడికి నా అనుమతి కావాలి. తేడా అదే. కాబట్టి బడిలో చెప్పదలిస్తే పాఠాల వేళ వద్దు, తల్లిదండ్రులను కూర్చోబెట్టి చెప్పాలి. జీతంలో కోతలు, 25 శాతం, ఎన్‌డీఏ దారి అన్నీ తెలుగులో రాసిన కాగితం వాళ్ల చేతికివ్వాలి.

అకాడమీలను మాత్రం గేటు దాటనివ్వకూడదు. ఫీజు కట్టించుకునే వ్యాపారం అది. ఒక అకాడమీ వాళ్లు మా పిల్లల ఫోను నంబర్లు రాయించుకుని పోయారు. ఆ సాయంత్రం నుంచే ఇళ్లకు ఫోన్లు. అమెరికాలో 2001 నాటి విద్యాచట్టం సైనిక నియామకాల వాళ్లు అడిగితే విద్యార్థుల నంబర్లు ఇవ్వాలంది. అక్కడ కూడా తల్లిదండ్రులు వద్దని రాసిస్తే ఇవ్వరు. మా బడిలో ఒక్క తల్లినీ అడగలేదు.

ఇవన్నీ కాగితం మీద పెట్టి, వచ్చే తల్లిదండ్రుల సమావేశంలో తీర్మానం చేద్దామని మా ప్రధానోపాధ్యాయుడిని అడిగాను. పాఠాల వేళ వద్దన్నదానికి వెంటనే ఒప్పుకున్నారు. అకాడమీల విషయంలో ఇంకా తటపటాయిస్తున్నారు. నేను వదిలిపెట్టను.