గ్రీన్‌వుడ్‌లో మనవాళ్లు

అమెరికాలో మిసిసిపీ రాష్ట్రంలోని డెల్టా ఊళ్లకు తెలుగు డాక్టర్లు కోరుకుని రారు, వీసా నిబంధన తీసుకొస్తుంది. జె-1 వీసా మీద వచ్చి రెసిడెన్సీ, అంటే ఆస్పత్రిలో డాక్టరు శిక్షణ, చేసినవాళ్లు అది పూర్తయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండి రావాలి. అలా వెళ్లకూడదనుకుంటే డాక్టర్ల కొరత ఉన్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. 1994లో సెనేటర్ కెంట్ కాన్రాడ్ చొరవతో వచ్చిన ఏర్పాటు ఇది. ఇప్పుడు ఒక్కో రాష్ట్రం ఏడాదికి 30 మందికి ఈ మినహాయింపు ఇప్పించగలదు. పల్లెకు డాక్టరు దొరుకుతుంది, డాక్టరుకు ఈ దేశంలో ఉండే దారి దొరుకుతుంది. పని ముగిసి ఇంటికి వచ్చాక ఆ డాక్టరు ఎవరితో మాట్లాడాలన్నది మాత్రం ఎవరూ ఆలోచించరు. నేనూ సంతకం పెట్టేటప్పుడు ఆలోచించలేదు.

నేను కిడ్నీ డాక్టరుని. గ్రీన్‌వుడ్‌లో పనిచేస్తున్నాను. 2020 జనగణన నాటికి ఊరి జనాభా 14 వేల పైచిలుకు, అది కూడా తగ్గుతూ వస్తున్న సంఖ్యే. తల్లాహాచీ, యాలబుషా నదులు కలిసి యాజూ నదిగా మారేది ఇక్కడే. ఊరు దాటితే కనుచూపు మేర చదును నేల. సోయా, మొక్కజొన్న, పత్తి, అక్కడక్కడా చేపల చెరువులు. మాది తెనాలి. సెప్టెంబరు చివర్లో పత్తికాయలు పగిలి చేలు తెల్లబడ్డప్పుడు గుంటూరు వైపు చేలు గుర్తొస్తాయి. కానీ ఇక్కడి చేలో ఒడి కట్టుకుని పత్తి తీసే ఆడవాళ్లు ఉండరు. ఒక పెద్ద యంత్రం తిరుగుతూ, పత్తిని గుండ్రటి మోపులుగా చుట్టి, గులాబీ రంగు ప్లాస్టిక్ తొడిగి, చేలోనే వదిలేసి పోతుంది. 1944లో క్లార్క్స్‌డేల్ దగ్గర హాప్సన్ ప్లాంటేషన్‌లో నాటడం నుంచి తీయడం దాకా ఒక పత్తి పంటను యంత్రాలతోనే నడిపించారు. చికాగో వైపు అప్పటికే సాగుతున్న నల్లవారి వలస ఆ తర్వాత ఇంకా పెరిగింది. వెళ్లకుండా ఉండిపోయినవాళ్లు, వాళ్ల పిల్లలు, మనవలు ఇప్పుడు నా రోగులు.

మావారి ఉద్యోగం డాలస్‌లో. వీలున్న వారాంతాల్లో వస్తారు. మిగతా రోజుల్లో సాయంత్రం ఏడు గంటలకు అమ్మకు ఫోన్ చేస్తాను. ఎండాకాలంలో అప్పుడు తెనాలిలో తెల్లవారి అయిదున్నర. అమ్మ కాఫీ కలుపుకుంటూ మాట్లాడుతుంది. ఎనిమిదింటికల్లా అక్కడ పనిమనిషి వస్తుంది, పాలవాడి లెక్క చూడాలి, ఎదురింటి వాళ్లు పలకరిస్తారు. అక్కడ రోజు మొదలవుతుంటే ఇక్కడ నాకు ముగుస్తుంది. ఫోన్ పెట్టేశాక ఉండే రెండు మూడు గంటలే అన్నిటికన్నా కష్టమైనవి.

దక్షిణాది చిన్న ఊళ్లలో ఒంటరితనం బయటికి కనిపించదు, ఎందుకంటే ఇక్కడ అందరూ పలకరిస్తారు. ఎదురొచ్చే ట్రక్కు డ్రైవరు స్టీరింగ్ మీద నుంచి రెండు వేళ్లు ఎత్తుతాడు. కొట్లో బిల్లు వేసే అమ్మాయి మన ఆరోగ్యం అడుగుతుంది. ఒకసారి మా ఇంటికి రండి అని నవ్వుతూ చెబుతారు. మన ఊళ్లలో కూడా అలాగే అంటాం కదా, ఏ రోజో చెప్పకుండా. రోజు చెప్పని పిలుపు మర్యాదే గానీ స్నేహం కాదని మనకు తెలుసు. అదే ఇంకొక భాషలో, ఇంకొక యాసలో విన్నప్పుడు ఆ తేడా తెలుసుకోవడానికి చాలా కాలం పడుతుంది.

పరిచయమైన ప్రతి ఒక్కరూ అడిగే మొదటి ప్రశ్న, మీరు ఏ చర్చికి వెళతారని. అందులో చెడు ఉద్దేశం లేదు. ఇక్కడ పెళ్లి, చావు, పిల్లల ఆటలు, బుధవారం రాత్రి భోజనం అన్నీ చర్చి చుట్టూనే తిరుగుతాయి. నేను ఏ చర్చికీ వెళ్లనని చెబితే, అయితే మీకు ఎవరు ఉన్నారు అన్న దిగులు వాళ్ల ముఖంలో కనిపిస్తుంది. పైగా చర్చిలు రంగును బట్టి వేరు. బళ్లూ దాదాపు అంతే. బళ్లలో పిల్లలందరినీ కలపాలని కోర్టులు పట్టుబట్టిన కాలంలో డెల్టాలోని తెల్లవారు చాలా ఊళ్లలో సొంత ప్రైవేటు అకాడమీలు పెట్టుకున్నారు. వాటిలో కొన్ని ఇప్పటికీ నడుస్తున్నాయి. నది ఒక ఒడ్డున ఓక్ చెట్ల నీడలో గ్రాండ్ బూలెవార్డ్ మీద పెద్ద ఇళ్లు, రైలు పట్టాలకు అవతల నల్లవారి పేట బాప్టిస్ట్ టౌన్‌లో ఇరుకు ఇళ్లు. ఇక్కడ మనం ఎటువైపు అన్నది ఎవరూ నోటితో అడగరు. ఇల్లు ఎక్కడ తీసుకున్నాం, పిల్లల్ని ఏ బడిలో వేశాం అన్నదాన్ని బట్టి వాళ్లే తేల్చుకుంటారు.

మనకన్నా ముందు ఈ మధ్యలో నిలబడ్డవాళ్లు చైనావాళ్లు. అంతర్యుద్ధం తర్వాత పత్తి చేలలో పనికి వచ్చి, కొద్దికాలానికే కూలి వదిలి నల్లవారి పేటల్లో కిరాణా కొట్లు పెట్టుకున్నారు. 1924లో రోజ్‌డేల్‌లో గాంగ్ లమ్ అనే కొట్టు యజమాని కూతురు మార్తాను తెల్లపిల్లల బడి నుంచి పంపించేశారు. ఆయన సుప్రీంకోర్టు దాకా వెళ్లి 1927లో ఓడిపోయాడు. నల్లపిల్లల బడి ఉందిగా, అక్కడ చదవవచ్చని కోర్టు తీర్పు. తర్వాతి తరాలు చదువుకుని పెద్ద నగరాలకు వెళ్లిపోయాయి, కొట్లు చాలావరకు మూతబడ్డాయి. మిసిసిపీ మన పాలిట వెయిటింగ్ రూమ్ అనే తెలుగు డాక్టర్లతో నేను ఈ సంగతి తరచూ చెబుతుంటాను. ఆ చైనా కుటుంబాలు దశాబ్దాల పాటు ఇక్కడే బతికాయి, ఇక్కడే పిల్లల్ని పెంచాయి, ఇక్కడి మట్టిలోనే తమవాళ్లను పాతిపెట్టుకున్నాయి.

నెలకోసారి రాష్ట్ర రాజధాని జాక్సన్ పక్కన బ్రాండన్‌లోని గుడికి వెళతాను. గంటన్నరకు పైగా ప్రయాణం. అక్కడ తెలుగు వినిపిస్తుంది, పులిహోర ఉంటుంది, కడుపు నిండుతుంది. మాటలు మాత్రం ఎప్పుడూ గ్రీన్‌కార్డు, ఆ వరుసలో మన చోటు చెప్పే ప్రయారిటీ డేట్ల చుట్టూనే. అందులో వాళ్ల తప్పేమీ లేదు. మూడేళ్ల ఒప్పందం ముగిసినా ఇండియాలో పుట్టినవాళ్లకు గ్రీన్‌కార్డు వరుస పదేళ్లకు పైగా సాగుతుంది, ఆ భయం అందరి గుండెల్లోనూ ఉంది. కానీ ఆ ఆదివారం దాటాక సోమవారం నేను ఎలా ఉన్నానో వాళ్లలో ఎవరికీ తెలిసే వీలు లేదు. ఫలానా వేళకు రాకపోతే ఏమైందో అని మనకోసం చూసేవాళ్లు ఉండాలి. అది భాష ఒక్కటే ఇవ్వగలిగేది కాదని నాకు ఇక్కడే అర్థమైంది.

డయాలసిస్ రోగులు వారానికి మూడు రోజులు, నాలుగేసి గంటలు అదే కుర్చీలో కూర్చుంటారు. తొలి షిఫ్టు వాళ్లు చీకటితోనే వచ్చేస్తారు. నేను ప్రతి ఒక్కరినీ వారానికి ఒకసారైనా చూస్తాను. డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపిన చోటును ఫిస్టులా అంటారు, దాని మీద వేళ్లు ఆనించి రక్తం పరుగు తెలుసుకుంటాను, కాళ్ల వాపు చూస్తాను, పొటాషియం ఎందుకు పెరిగిందో అడుగుతాను. ఏళ్ల తరబడి ఒకే మనిషిని వారం వారం కలిసే వైద్యం ఇంకొకటి ఎక్కడ ఉంది? పొటాషియం గురించి అడిగితే ఇంట్లో ఏం వండారో చెప్పాలి, ఎవరు వండారో చెప్పాలి, అలా ఇంటి కథంతా బయటికి వస్తుంది. కొత్త సంవత్సరం రోజున వీళ్లందరూ అలసందలు, కాలర్డ్ ఆకుకూర తింటారు. అవి తింటే ఏడాదంతా డబ్బుకు లోటుండదని నమ్మకం. తినవద్దని నేను అనను, పొటాషియం తగ్గేలా ఆకులు ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు పారబోసి కొంచెమే తినమంటాను.

వాళ్లలో ఒక పెద్దావిడ ఉండేది. 1955లో ఎమ్మెట్ టిల్ అనే పద్నాలుగేళ్ల నల్లపిల్లవాణ్ణి ఈ పక్కనే మనీ అనే ఊరి నుంచి తెల్లవారు ఎత్తుకెళ్లి చంపినప్పుడు ఆవిడకూ దాదాపు అదే వయసు. 2022 అక్టోబరులో గ్రీన్‌వుడ్‌లో ఆ పిల్లవాడి విగ్రహం పెట్టిన వారం, డయాలసిస్ మొదలైన దగ్గర నుంచి ముగిసేదాకా ఆ రోజుల సంగతులు చెబుతూనే ఉంది. ఆ ఏడాది వాళ్ల నాన్న చీకటి పడ్డాక ఎవరినీ గడప దాటనివ్వలేదట. అంతా చెప్పి, ఉన్నట్టుండి, "అమ్మా, రాత్రి భోజనం ఎవరితో కలిసి చేస్తున్నావు?" అని అడిగింది. ఏం వండుకున్నావని అడిగేవాళ్లు నాకు చాలామంది ఉన్నారు. ఎవరితో తింటున్నావని అంతకుముందు ఎవరూ అడగలేదు. ఒక్కదాన్నే అన్నాను.

ఆవిడ రోజు చెప్పి పిలిచింది. బుధవారం, ఆరు గంటలకు, వాళ్ల చర్చి భోజనాల గదిలో. రక్తపోటు గురించి నాలుగు మాటలు చెప్పాలన్నది షరతు. వెళ్లాను, చెప్పాను, బీపీలు చూశాను, తిన్నాను. మరుసటి వారం కూడా రమ్మన్నారు. బాప్టిజం సంగతి ఒకరిద్దరు ఎత్తారు. "ఆమె దేవుడు ఆమెకున్నాడు, ముందు తినడానికి పెట్టండి" అని ఆవిడ వాళ్ల నోరు మూయించింది. తర్వాత్తర్వాత బీపీ చూడటం తగ్గింది, వడ్డించడం, గిన్నెలు కడగడం పెరిగింది. ఆస్పత్రిలో ఆలస్యమై వెళ్లలేని బుధవారం ఎవరో ఒకరు ఫోన్ చేసేవారు.

పోయిన శీతాకాలంలో ఆవిడ చనిపోయింది. ఇక్కడి నల్లవారు అంత్యక్రియలను ఇంటికి చేరడం అంటారు. తెల్లటి దుస్తుల్లో ఆడవాళ్లు విసనకర్రలు పంచుతూ, ఏడ్చేవాళ్లను పట్టుకుంటూ తిరుగుతున్నారు. డాక్టరునని నన్ను ముందు కూర్చోబెట్టలేదు, బుధవారం వాళ్ల వరుసలో కూర్చోబెట్టారు. ఆ రాత్రి అమ్మకు ఫోన్ చేస్తే, ఆవిడకు పిల్లలెందరు, దగ్గర ఎవరున్నారు, అందరూ తిన్నారా అని అడిగింది. వీడియోలో రెండు మూడుసార్లు చూసిన మనిషి కోసం అమ్మ కళ్లు తుడుచుకుంది. గుడి దగ్గర కలిసేవాళ్లకు ఈ విషయం చెప్పలేకపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు.

మొన్న వరంగల్ అమ్మాయి ఒకరు ఫోన్ చేసింది. రెసిడెన్సీ అయిపోతోంది, ఇక్కడి ఉద్యోగానికి సంతకం పెట్టింది. "అక్కా, అక్కడ మనవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది. తెలుగువాళ్లు నాతో కలిపి ముగ్గురం, హైవే పక్కన మోటెల్ నడిపే గుజరాతీ కుటుంబం ఉంది, నవరాత్రులకు వాళ్లింట్లోనే కలుస్తామని చెప్పాను. బుధవారం సాయంత్రాలు ఖాళీగా ఉంచుకోమని కూడా చెప్పాను. జూలైలో చేరుతుంది. డయాలసిస్ సెంటరుకు దగ్గర్లో అద్దె ఇల్లు చూసిపెట్టమంది. రెండు చూశాను. ఒకదాని వంటగదిలో పొగ బయటికి పోయే దారి లేదు, పోపు వేస్తే ఇల్లంతా కమ్ముకుంటుంది. రెండో ఇంటి యజమాని బుధవారం భోజనాలకు వచ్చే ఆయనే, అద్దె కొంచెం తగ్గించమని అడగాలి.