పూలు తేవద్దంటే కోపం ఎందుకు?

ఆస్ట్రేలియా ఎయిర్‌పోర్టులో పూలు, మామిడాకులు, కరివేపాకు తీసి పారేశారని మనవాళ్లు తిట్టుకోవడం చూస్తుంటాను. నాకైతే ఆ అధికారుల మీద కోపం రాదు, 2021లో మా దర్శి వైపు మిరప చేలు ఎలా అయిపోయాయో చూసినదాన్ని.

నల్ల తామర పురుగు. ఇది ఆగ్నేయాసియా పురుగు, మన దేశంలో 2015లో బెంగళూరు దగ్గర బొప్పాయి మీద బయటపడింది, ఆరేళ్లకి మన మిరప మీద పడింది. పువ్వు తెంపి అరచేతిలో తట్టితే మిల్లీమీటరంత నల్లటి నలుసులు బిలబిలా పాకేవి. పూతంతా రాలిపోయింది. మందు మీద మందు కొట్టారు, పువ్వు లోపల నక్కిన పురుగుకి అది తగిలితే కదా! గుడ్లేమో ఆకు కండలోనే పెడుతుంది, దులిపినా కడిగినా పోవు. చివరికి చేలు దున్నేసిన వాళ్లు ఎంతమందో.

ఆస్ట్రేలియా భయం కూడా సరిగ్గా ఈ తామర పురుగులు, నల్లి, పేనుబంక గురించే. అందుకే 2018 మార్చి నుంచి వ్యాపారానికి వచ్చే కోసిన పూలకీ ఆకులకీ రూల్స్ బిగించారు. తోట దగ్గర్నుంచే పురుగు లేకుండా చూసే పద్ధతి పాటించాలి, లేదా ఎక్కించేముందు పురుగుని చంపే మిథైల్ బ్రోమైడ్ పొగ పెట్టాలి, లేదా పూలు పంపే దేశపు అధికారులు ఒప్పుకున్న వేరే విధానం ఉండాలి. గులాబీ, చామంతి లాంటివైతే కాడల్ని గ్లైఫోసేట్‌లో, అదే మన కలుపు మందులో, ముంచుతారు, ఎవరైనా నాటినా వేరు పట్టకుండా.

మా పిన్ని కూతురు మెల్‌బోర్న్‌లో గృహప్రవేశానికి "అక్కా, మల్లెపూలు, మామిడాకులు పట్టుకురావా" అంది. వద్దన్నాను, అక్కడ దొరికేవే కట్టుకోమన్నాను. చెప్పకుండా తీసుకెళ్తే జరిమానా, ఒక్కోసారి వీసా కూడా పోతుంది. కరివేపాకైతే అసలు వద్దు, నిమ్మ, బత్తాయిలకి గ్రీనింగ్ తెగులు (ఆకులు పసుపెక్కి చెట్టు క్షీణించే జబ్బు) మోసే సిల్లా పురుగు దాని మీద కూడా బతుకుతుంది. గూడూరు, పొదలకూరు నిమ్మ రైతులకి ఆ బాధ తెలుసు.

మనకీ 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డర్ ఉంది, బయటి దేశాల పూలకి ఫైటోశానిటరీ సర్టిఫికెట్ (పురుగు, తెగులు లేవని పంపే దేశం ఇచ్చే కాగితం), ఇక్కడ దిగాక తనిఖీ. ఇప్పుడు పెళ్లి స్టేజీలకి థాయ్‌లాండ్ ఆర్కిడ్లు మామూలైపోయాయి కదా, డెకరేషన్ వాళ్లని ఆ పూలు ఎక్కడివో, కాగితాలతో వచ్చాయో లేదో అడగండి, స్టేజీ విప్పాక మాత్రం వాటిని చేల గట్ల మీద పారబోయనివ్వకండి.